కోచ్ ఒక ఊరు, బోగీ ఒక చక్రాల చట్రం

రాయగడ స్టేషన్లో మా తెలుగువాళ్లెవరూ కోచ్ ఎక్కరు, బోగీ ఎక్కుతారు. టికెట్ మీద ఉండేది కోచ్ నంబరు. ప్లాట్‌ఫారం పైన వెలిగే బోర్డులోనూ కోచ్ నంబరే. జనం నోట్లో మాత్రం బోగీ. పక్కనున్న ఒడియావాళ్లు డబా అంటారు, వాళ్లలోనూ బొగి అనేవాళ్లు బోలెడుమంది. మన పెద్దవాళ్లు కొందరు ఇంకా రైలుపెట్టె అంటున్నారు. ఇక కోచ్ అన్న మాట స్టేషన్ దాటి బయటికొస్తే ఎన్ని వేషాలు వేస్తుందో! రాత్రిపూట హైదరాబాద్ పోయే బస్సు ‘ఏసీ స్లీపర్ కోచ్’. ఇంటర్ అయిన పిల్లాడికి విశాఖలో ఇప్పించేది ‘కోచింగ్’. టీవీలో క్రికెట్ జట్టు వెనక ముఖం మాడ్చుకుని కూర్చున్న పెద్దమనిషి కూడా ‘కోచ్’. పెట్టెకీ, బస్సుకీ, పంతులుకీ ఒకే పేరు ఎలా కుదిరింది?

దీని జోలికి వెళ్లగానే, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఒక దిద్దుబాటు చేస్తుంటారు. ‘బోగీ అనకూడదండీ, బోగీ అంటే కింద చక్రాలుండే భాగం, మనం కూర్చునేది కోచ్’ అని. రైల్వే ఇంజనీరింగ్ లెక్కన చూస్తే వాళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒక మాట మొదట దేనికి పెట్టిన పేరో దానికే వాడాలి అనుకుంటే, కోచ్ అనడం అంతకన్నా పెద్ద తప్పు. ఎందుకంటే కోచ్ మొదట బండి కాదు. అది హంగరీలో ఒక పల్లెటూరు.

ఆ ఊరు ఇప్పటికీ ఉంది. బుడాపెస్ట్‌కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, బూడా నుంచి వియన్నా పోయే పాత దారిలో. హంగరీవాళ్ల అక్షరాల్లో చివర ‘సి’, ‘ఎస్’ కలిపి రాస్తారు గానీ పలకడం మాత్రం మనం పలికినట్టే, కోచ్. పదిహేనో శతాబ్దంలో, మాథ్యాస్ రాజు (1458–1490) ఏలుబడి నాటికి, ఆ ఊరి వడ్రంగులు చేసే తేలికపాటి గుర్రబ్బండ్లకు పేరొచ్చింది. రెండు రాజధానుల మధ్య దారి కాబట్టి గిరాకీకి లోటు లేదు. ఆ బండిని ‘కోచి సెకేర్’ అన్నారు. సెకేర్ అంటే బండి. కోచి అంటే కోచ్ ఊరిది. హైదరాబాదీ, బనారసీ అన్నప్పుడు మనం చివర్లో తగిలించే ‘ఈ’ లాంటిదే అదీ. కొన్నాళ్లకు సెకేర్ ఊడిపోయింది, కోచి మిగిలింది. చీరల కొట్లో ‘ఒక బరంపురం చూపించండి’ అంటే కొట్టువాడు పట్టుచీర తీస్తాడు గానీ ఊరిని చూపించడు కదా, అలాగన్నమాట. ఈ పుట్టుక మీద కొద్దిపాటి వాదాలు లేకపోలేదు గానీ, నిఘంటువులు రాసేవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకునే కథ ఇదే.

బండి మంచిదైతే పేరు కూడా దాంతోపాటే పరుగెడుతుంది. జర్మన్‌లో కుట్‌షే, ఫ్రెంచిలో కోష్, ఇటాలియన్‌లో కొక్యో, స్పానిష్‌లో కోచె. ఇంగ్లీషులోకి 1550ల నాటికి చేరింది. ఈ రోజు బుడాపెస్ట్‌లో కోచి అన్నా, మాడ్రిడ్‌లో కోచె అన్నా అర్థం మోటారు కారు. గుర్రం పోయినా పేరు పోలేదు. (ఇదే కోచె గ్వాటెమాలాలో పంది. అది వేరే మూలం నుంచి వచ్చిన మాట, కానీ స్పెయిన్ నుంచి కొత్తగా వెళ్లినవాళ్లు ‘నా కోచె బయట కట్టేసి వచ్చా’ తరహా తిప్పలు పడుతూనే ఉంటారట.)

ఇంగ్లండులో కోచ్ రాజుల వాకిలి దాటి రోడ్డెక్కాక, టికెట్ కొన్నవాళ్లందరినీ ఎక్కించుకునే అద్దె బండి అయ్యాక, మనకు పనికొచ్చే మాటలు చాలా పుట్టాయి. గుర్రాలు ఎంతోదూరం ఒకే ఊపున పరుగెత్తలేవు. పది, పదిహేను మైళ్లకోచోట ఆపి అలిసిన గుర్రాలను విప్పి కొత్తవి కట్టాలి. అలా రెండు మజిలీల మధ్య ఉన్న దూరం పేరు ‘స్టేజ్’. స్టేజీల లెక్కన నడిచేది స్టేజ్ కోచ్. పార్వతీపురం–రాయగడ రోడ్డు మీద కండక్టర్‌తో ‘స్టేజీ కాడ ఆపు బావూ’ అనే ముసలమ్మకి ఈ గుర్రాల సంగతి తెలియనక్కర్లేదు గానీ ఆమె అన్న స్టేజీ అక్కడిదే. నాటకం స్టేజీకీ దీనికీ మూలం ఒకటే, దారులు వేరు.

సీటు కావాలంటే కోచ్ ఆఫీసుకెళ్లి పుస్తకంలో పేరు రాయించుకోవాలి. పుస్తకంలో రాయడమే ‘బుకింగ్’. పుస్తకం పోయి సెల్‌ఫోన్ వచ్చినా మనం ఇంకా బుక్ చేస్తూనే ఉన్నాం. 1784 ఆగస్టులో బ్రిస్టల్ నుంచి లండన్‌కి ఉత్తరాలు మోసే మెయిల్ కోచ్ మొదలైంది. దారిదోపిడీల భయానికి అందులో తుపాకీ పట్టుకుని ఒక కాపలామనిషి కూర్చునేవాడు. ఆ ‘గార్డు’ తర్వాత రైలెక్కాడు, తుపాకీ వదిలి పచ్చజెండా పట్టాడు. మన రైల్వే 2022 జనవరిలో ఆ ఉద్యోగం పేరును ‘ట్రైన్ మేనేజర్’గా మార్చింది. పేరు మారింది గానీ వెనకపెట్టెలో ఆయన కనబడితే మనవాళ్లకి ఇప్పటికీ గార్డుబాబే. ‘మెయిల్’ మాత్రం మనం చక్కగా కాపాడుకున్నాం. హౌరా–చెన్నై మెయిల్ బరంపురం మీదుగా పోతుంది, దాన్ని మెయిల్ అనడానికి కారణం ఒకప్పుడు అది మోసిన ఉత్తరాల సంచులే.

చట్టంలో కూడా ఆ గుర్రాల వాసన ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం బస్సుల్ని రెండుగా చూస్తుంది. ఎవరి టికెట్ వాళ్లు కొనుక్కుని దారిలో ఎక్కేవాళ్లు ఎక్కుతూ దిగేవాళ్లు దిగుతూ ఉండేది ‘స్టేజ్ క్యారేజ్’. మొత్తం బండిని ముందుగా మాట్లాడుకుని, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోయేది ‘కాంట్రాక్ట్ క్యారేజ్’. పెళ్లిబస్సు రెండో రకం. రాష్ట్రాల సరిహద్దులు దాటే ప్రైవేటు స్లీపర్ బస్సుల మీద రవాణాశాఖ దాడులు చేసినప్పుడు పేపర్లో ‘కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్‌తో స్టేజ్ క్యారేజ్‌గా తిప్పుతున్నారు’ అని చదువుతాం. ఒక్క ముక్కలో చెప్పాలంటే గొడవ ఇదే: మొత్తంగా మాట్లాడుకున్న బండికి ఇచ్చిన పర్మిట్ పెట్టుకుని, దారిపొడుగునా విడివిడిగా టికెట్లు అమ్ముతున్నారు.

ఇక 1830. ఆ ఏడు కోచ్‌కి రెండు మలుపులు.

మొదటిది ఆక్స్‌ఫర్డ్‌లో. అక్కడి కుర్రాళ్లు పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టారిని వేళాకోళంగా కోచ్ అనడం ఇంచుమించు ఆ రోజుల్లోనే మొదలైంది. నడవలేనివాణ్ని ఎక్కించుకుని ఊరు చేర్చేది కోచ్ అయితే, చదవలేనివాణ్ని పరీక్ష దాటించేవాడూ కోచే కదా. వేళాకోళం కొద్దికాలానికే హోదా అయింది. కేంబ్రిడ్జిలో ఎడ్వర్డ్ రౌత్ అనే గణితం మాస్టారు తన దగ్గర చదివినవాళ్లలో రెండు డజన్లకు పైగా కుర్రాళ్లను విశ్వవిద్యాలయం గణితపరీక్షలో మొదటి ర్యాంకుకి తీసుకెళ్లాడు. ర్యాంకుల పిచ్చి మన కాలేజీల హోర్డింగులతో మొదలైందని అనుకునేవాళ్లు ఈయన సంగతి ఒకసారి చదవాలి. 1860ల మొదట్లో ఇదే మాట ఆటల్లోకి వెళ్లింది, అక్కణ్ణుంచి క్రికెట్ మైదానానికి రావడం ఎంతసేపు.

మన వాడుకలో ట్యూషన్‌కీ కోచింగ్‌కీ ఉన్న తేడా ఇక్కడ చూడదగ్గది. ఏడో తరగతి పిల్లకి సాయంత్రం పక్కింట్లో పెట్టించేది ట్యూషన్. దాన్ని ఎవరూ కోచింగ్ అనరు. నవోదయకో, నీట్‌కో, బ్యాంకు పరీక్షకో అయితేనే కోచింగ్. అంటే చివర దిగాల్సిన స్టేషన్ ఒకటి ఉండాలి. ట్యూషన్ అనే మాట కనిపెట్టుకుని ఉండడం, కాపు కాయడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒకటి పిల్లని కనిపెట్టుకునేది, రెండోది పిల్లని ఎక్కించుకుపోయేది. ఈ రెండింటి మూలాలూ ఎవరూ చెప్పకుండానే గుణుపురం తల్లిదండ్రులు వాటిని సరిగ్గా వాడుతున్నారు. ఇంకో తమాషా, ‘కెరీర్’ కూడా బండి మాటే. బండి పరుగెత్తే బాట అని దాని పాత అర్థం. కాబట్టి ‘కెరీర్ కోచింగ్’ అని బోర్డు పెట్టినవాడు తనకు తెలియకుండానే బండినీ బాటనూ కలిపి అమ్ముతున్నాడు.

1830లో రెండో మలుపు లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుదారి. రైలు కొత్తది, దాని వెనక జనం కూర్చునే పెట్టె ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు. అందుకే అప్పటికే గుర్రపు కోచ్‌లు తయారుచేస్తున్నవాళ్ల చేతనే చేయించారు. వాళ్లు తమకు తెలిసిందే చేశారు. మూడు గుర్రపు కోచ్‌ల ఒళ్లు పక్కపక్కన అతికించి ఒకే చట్రం మీద కూర్చోబెట్టారు. మూడింటికి మూడు వేరే తలుపులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి లేదు. రైల్లో ‘కంపార్ట్‌మెంట్’ అనే ఏర్పాటు అలా వచ్చింది. చాలాకాలం పాటు ఆ పెట్టెల పక్కలకు గుర్రబ్బండి తలుపుల వంపు రంగులతో గీసేవారు కూడా. అంచేత రైలుపెట్టెని కోచ్ అనడం అలంకారం కాదు, మొదట్లో అది నిజంగానే కోచ్.

ఇప్పుడు బోగీ దగ్గరికి రావచ్చు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే, పుట్టుక మాత్రం మసక. ఇంగ్లండు ఉత్తరాన బొగ్గుగనుల వైపు, బరువులు మోసే పొట్టి బండిని బోగీ అనేవారు. దానికి ముందు సంగతి నిఘంటువులకే అంతుపట్టలేదు. ఇంగ్లీషులో దయ్యానికి ఇలాంటి పేరే ఒకటి ఉంది కాబట్టి రెండింటికీ ముడిపెట్టేవాళ్లున్నారు, రుజువు లేదు. మన భోగిపండక్కీ దీనికీ అయితే ఏ సంబంధమూ లేదు. అయినా ప్రమాదవార్తల్లో ‘పట్టాలు తప్పిన భోగీలు’ అని వత్తు తగిలించి రాసేవాళ్లు ప్రతి ఏటా కనబడుతూనే ఉంటారు.

బోగీ చేసే పని రాయగడలో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం చివర, నేల కిందికి దిగే చోట నిలబడితే బాగా కనిపిస్తుంది. కోచ్ పొడుగంతా చక్రాలుండవు. ఈ చివర నాలుగు, ఆ చివర నాలుగు. ప్రతి నాలుగూ ఒక విడి ఇనుపచట్రంలో బిగించి ఉంటాయి. స్ప్రింగులు, బ్రేకు సామాను అంతా ఆ చట్రంలోనే. కోచ్ దాని మీద నడిమధ్యన ఒక ఇరుసు మీద ఆని ఉంటుంది, అంతే. పట్టాలు మలుపు తిరిగితే కింద చట్రం తిరుగుతుంది, పైన కోచ్ తన దారిన తిన్నగా ఉంటుంది. పాతకాలం పెట్టెలకు చక్రాలు ఒంటికే బిగించి ఉండేవి. అందుకే వాటిని పొడుగ్గా చేయలేకపోయారు, చేస్తే మలుపులో ఇరుక్కునేవి. ఇంకో లాభం, పట్టాల అతుకు మీద చక్రం ఎంత ఎగిరినా ఆ కుదుపులో సగమే చట్రం నడుముకి అందుతుంది, అందులో మరికొంత స్ప్రింగులు మింగేస్తాయి. ఈ తిరిగే చట్రం మీద పేటెంటు తీసుకున్నవాడు విలియం చాప్‌మన్, 1812లో. అంటే లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుదారి రావడానికి ముందే.

మలుపుల్లో తిరిగే ఈ చట్రం విలువ మా వైపు కొండదారుల్లో చెప్పక్కర్లేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్నరైలు 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా వచ్చింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 2004లో ఆపేసి తర్వాత పెద్ద లైను వేశారు. ఆ చిన్నరైలు ఎక్కినవాళ్లు ఇప్పటికీ ‘మన బుల్లి బోగీలు’ అనే చెప్పుకుంటారు.

మరి చక్రాల చట్రం పేరు మనకు పెట్టె పేరుగా ఎలా మారింది? నా అంచనా ఇది. పాత నాలుగు చక్రాల పెట్టెలుండే రోజుల్లో కొత్తరకం పొడుగు పెట్టెలు వచ్చాయి. వాటిని ఇంగ్లీషులో ‘బోగీ క్యారేజ్’ అనేవారు, అంటే బోగీలున్న పెట్టె. కొత్తదనం ముందుమాటలో ఉంది, వెనకమాట పాతదే. జనం కొత్తదాన్ని పట్టుకుని పాతదాన్ని వదిలేశారు. కోచి సెకేర్‌లో సెకేర్ ఊడినట్టే ఇక్కడ క్యారేజ్ ఊడింది. ఇది తెలుగువాళ్ల ఒక్కరి పనీ కాదు, దేశమంతా ఇదే వాడుక. అసలు మనం ‘రైలు’ అనేది ఇంగ్లీషులో పట్టా పేరు. పట్టా పేరు పెట్టి మొత్తం బండిని పిలిచినవాళ్లం, చక్రాల పేరు పెట్టి పెట్టెని పిలవడంలో వింతేముంది.

పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోట్లాడింది ఇలాంటి విషయం మీదే. జనం నోట్లో నానిన మాట పుస్తకానికి తప్పెలా అవుతుంది అని. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. బోగీ మీద ఆయన తీర్పు అడగాల్సిన పని కూడా లేదనుకుంటాను.

ఒక్క రైల్లోనే బళ్ల పేర్లు ఎన్ని పోగుపడ్డాయో చూడండి. మనం కూర్చునేది కోచ్. వంట చేసేది పాంట్రీ కార్. గార్డుబాబు ఉండేది బ్రేక్ వ్యాన్. బొగ్గు, బాక్సైటు మోసేది వ్యాగన్. వీటన్నిటినీ సుత్తితో తట్టి చూసేవాళ్లు క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది. ఇందులో వ్యాన్ అనేది కారవాన్‌కి తోక, పారసీకుల కార్వాన్, హైదరాబాద్ కార్వాన్‌లో ఉన్నదీ అదే. వ్యాగన్‌కీ మన సంస్కృత ‘వాహనం’కీ మూలధాతువు ఒకటే, మోయడం అని. కార్, క్యారేజ్, కార్గో అన్నీ పాత గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్సు వైపు) రెండు చక్రాల బండి ‘కర్రోస్’ సంతానం. ఇంగ్లీషువాడు పెట్టె అనుకునే క్యారేజీ తెలుగింట్లో అన్నం గిన్నెల దొంతర అయింది. ‘క్యారేజీ తెచ్చుకున్నారా, రైల్లో తినేస్తారా’ అని అడిగితే ఇంగ్లండువాడు కంగారుపడతాడు.

మనం తీసుకోవడమే కాదు, ఇచ్చిందీ ఉంది. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఇక్కడి దొరలు తమ ఇంగ్లీషులో ఎడ్లబండిని ‘బ్యాండీ’ అనేవారు. తెలుగు బండి, తమిళ వండి నుంచి తీసుకున్నదని 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే చెబుతోంది. మన బండి మాత్రం ఎడ్లు పోయి మోటార్‌సైకిల్ వచ్చినా పేరు మార్చుకోలేదు.

తప్పొప్పుల సంగతి పక్కనపెడితే, బోగీకీ కోచ్‌కీ తేడా తెలిసి ఉండాల్సిన చోటు ఒకటుంది. రాత్రిపూట పెట్టె అడుగునుంచి దబదబా శబ్దం వస్తోంది, లేదా కాలిన వాసన వస్తోంది అనుకోండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసినా, టీటీఈకి చెప్పినా ముందు చెప్పాల్సింది రైలు నంబరు, కోచ్ నంబరు. ఎస్ అంటే స్లీపర్, బీ అంటే ఏసీ మూడంచెలు, ఏ అంటే రెండంచెలు, డీ అంటే కూర్చుని వెళ్లే సీట్లు. వాటితోపాటు బెర్తు నంబరు. ‘బోగీలో లైటు వెలగడం లేదు’ అని మనలో మనం అనుకుంటే ఇబ్బంది లేదు. కానీ శబ్దం గురించి చెప్పేటప్పుడు ‘బోగీలో ఏదో తేడా’ అంటే సుత్తి పట్టుకున్న సిబ్బందికి అది చక్రాల మాట. ఆయన వచ్చి నేరుగా కిందికి వంగుతాడు. లోపల ఫ్యాను ఊగుతుంటే ‘కోచ్ లోపల, ఫలానా బెర్తు పైన’ అనండి. అడుగున మోత వస్తుంటే మాత్రం బోగీ అనే అనండి, పైగా ముందువైపుదా వెనకవైపుదా అన్నది కూడా చెప్పండి. కోచ్‌కి అవి రెండుంటాయి.